చలానా చేతికి వచ్చిన తరువాత



ఢిల్లీ నగరమున స్కూటరో కారో నడుపు ఉద్యోగికి ఒకనాడు ఫోనులో చిన్న వార్త వచ్చును. ఫలానా నంబరు గల వాహనము ఫలానా చౌరస్తాలో ఎఱ్ఱదీపమును దాటిపోయినది, ఇంత సొమ్ము చెల్లింపవలెను, అని. ఒకడు పీడ వదలించుకొనుటకై ఆ క్షణమే సొమ్ము కట్టివేయును. మఱియొకడు "చూతములే" అని ఫోనును జేబులో వేసికొనును. ఈ రెండింటికిని నడుమ చట్టము మఱికొన్ని దారులు ఉంచినది. వానిని ఎఱుగకపోవుటచేత నష్టపడువారు పెక్కుమంది.

మొదట చేయవలసినది సొమ్ము కట్టుట కాదు. వచ్చినది నిజమైన చలానాయేనా అని చూచుట. చలానా పేరు పెట్టి మోసగాండ్రు పంపు సందేశములు దేశమంతటను వ్యాపించినవి. దానితో వచ్చిన ఏ.పి.కె. ఫైలును ఫోనులోనికి ఎక్కించినచో బ్యాంకులోని నిలువ మాయమగును. సందేశములోని లంకెను నొక్కక, కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖవారి పరివాహన్ వెబ్‌సైటునకు తామే వెళ్ళి, వాహనము నంబరు వేసి చూచుకొనవలెను. తెలంగాణ పోలీసులకు వేఱుగా తమ వెబ్‌సైటు కలదు.

చలానా నిజమైనదే అనుకొందురు గాక. అప్పటికిని అది శిక్ష కాదు, అభియోగము మాత్రమే. కూడలిలో నిలిచిన పోలీసు ఉద్యోగి గాని, స్తంభమునకు బిగించిన కెమెరా గాని న్యాయమూర్తి కాదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 200వ సెక్షను ప్రకారము కొన్ని నేరములను సొమ్ము చెల్లించి రాజీ చేసికొనవచ్చును. అట్లు చెల్లించినచో ఆ నేరమును గూర్చి మఱి విచారణ ఉండదు. అనగా సొమ్ము కట్టుట ఒక మార్గమే గాని ఏకైక మార్గము కాదు. తప్పు నిజముగా జరిగియున్నచో మాత్రము అదియే చౌకయైన మార్గము. రెండువందలు మిగుల్చుకొనుటకై నాలుగు దినములు కోర్టు వరండాలో గడపుట వివేకము అనిపించుకొనదు.

జరిమానాలు 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి బాగుగా పెరిగినవి. లైసెన్సు లేక వాహనము నడిపిన వానికి అంతకుముందు 500 రూపాయలున్న జరిమానా 5,000 అయినది. తలకు హెల్మెట్ లేనిచో 1,000 రూపాయలే గాక, మూడు మాసములు లైసెన్సుకు అనర్హత కూడ చట్టమున వ్రాయబడియున్నది. కొన్ని రాష్ట్రములు తమ ఎల్లలలో ఈ మొత్తములను తగ్గించుకొన్నవి. కావున ఢిల్లీ లెక్క గుంటూరులో చెల్లదు.

చలానాను శ్రద్ధగా చదువుట చాలమందికి అలవాటు లేదు. కెమెరా పట్టిన నేరమునకు పంపు నోటీసుతో పాటు నేరమును, నంబరు పలకను స్పష్టముగా చూపు చిత్రము, తేదీ, వేళ, స్థలము, ఉల్లంఘించిన సెక్షను ఉండవలెనని 2021 ఆగస్టులో చేసిన నియమము విధించినది. నేరము జరిగిన 15 దినములలో నోటీసు పంపవలెననియు, కెమెరా ఉన్నదని తెలుపు హెచ్చరిక పలక దారిలో ముందుగా కనబడవలెననియు అదే నియమము చెప్పినది. చిత్రములోని స్కూటరు ఎఱుపు, యజమాని స్కూటరు నీలము అయినచో, ఎవడో దొంగనంబరు తగిలించుకొని తిరుగుచున్నాడన్నమాట. అట్టి సందర్భమున వెంటనే ట్రాఫిక్ పోలీసులకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, రసీదు పుచ్చుకొనవలెను. ఊరకున్నచో రేపు ఆ నంబరుతో జరుగు ప్రమాదము కూడ ఈ యజమాని గుమ్మమునకే వచ్చును. ఆనాడు తాను ఆఫీసులోనే ఉన్నానని వేలిముద్ర హాజరును చూపుట కొందరికి తోచు ఉపాయము. అది మనిషి ఎక్కడ ఉన్నాడో చెప్పును గాని వాహనము ఎక్కడ ఉన్నదో చెప్పదు. పార్కింగు చీటీయో, ఫాస్టాగ్ లెక్కయో అంతకంటె గట్టి సాక్ష్యము.

కాగితములు చేత లేవని వ్రాసిన చలానా వేఱు విషయము. 2018 నవంబరు నాటి సవరణ తరువాత డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సును, ఆర్.సి.ని ఫోనులో చూపిన చాలును. పోలీసు ఉద్యోగి లైసెన్సును స్వాధీనము చేసికొన్నచో తాత్కాలిక రసీదు ఇయ్యవలెను. దానిని అడిగి తీసికొనక కదలరాదు.

బదిలీలు గల ఉద్యోగులకు అసలు చిక్కు చిరునామాలో ఉన్నది. విజయవాడలో కొన్న స్కూటరు రామకృష్ణపురము క్వార్టర్సుకు చేరును. ఆర్.సి.లో మాత్రము పాత ఇల్లు, వాడుకలో లేని ఫోను నంబరు నిలిచియుండును. నోటీసులు అచ్చటికే పోవును. ఇచ్చట మనిషికి తెలియదు. చిరునామా మారిన 30 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెననియు, పండ్రెండు మాసములకు మించి వేఱొక రాష్ట్రమున ఉంచిన వాహనమునకు అచ్చటి నంబరు తీసికొనవలెననియు చట్టము. ఈ తిప్పలు తప్పించుటకే 2021 సెప్టెంబరునుండి బి.హెచ్. వరుస నంబర్లు వచ్చినవి. కేంద్ర ప్రభుత్వోద్యోగులు దానికి అర్హులు. బదిలీకి ముందు స్కూటరును అమ్మి, పేరు మార్పించకయే రైలెక్కువారి సంగతి మఱింత విషమము. కొన్నవాడు చేసిన తప్పులన్నియు అమ్మినవాని పేరనే పడుచుండును. కాగితములలో పేరున్నవాడే యజమాని అని, ఒక ప్రమాదపు నష్టపరిహారము కేసులో, 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది.

చలానాను కాదన దలచినవాడు కోర్టులో వాదింపవచ్చును. ఢిల్లీలో 2019 జులైనుండి వర్చువల్ కోర్టు ఉన్నది. ఇంటినుండియే నంబరు వేసి, సొమ్ము చెల్లింతునో లేక వాదింతునో తెలుపవచ్చును; వాదింతునన్నచో కేసు మామూలు కోర్టుకు పోవును. సమన్లు వచ్చిన చిన్న నేరమైనచో ప్లీడరు ద్వారా హాజరగుటకు, లేక రిజిస్టరు ఉత్తరములో నేరమొప్పుకొని సొమ్ము పంపుటకు 208వ సెక్షను వీలు కల్పించినది. దినకూలి పోగొట్టుకొనలేని ఆటో డ్రైవరునకు ఇది నిజమైన మేలు. అయితే ఒప్పుకొన్నవానికి తరువాత శిక్ష యొక్క పరిమాణమును, చట్టబద్ధతను గూర్చి తప్ప అప్పీలు ఉండదు.

లోక్ అదాలత్ మూడవ దారి. పాత చలానాలు పేరుకొన్నవారికి అచ్చట తగ్గింపుతో ఒక్కపూటలో తీరును. ముందుగా చీటీ తీసికొని పోవలెను. అచ్చటి తీర్పుపై అప్పీలు లేదు గనుక, చలానాయే తప్పని నమ్మువాడు అచ్చటికి పోరాదు. తెలంగాణలో ప్రభుత్వమే రెండుమార్లు రాయితీ ప్రకటించినది: ద్విచక్ర వాహనములకు 2022 మార్చిలో 75 శాతము, 2023 డిసెంబరులో 80 శాతము. సకాలమున కట్టినవానిని వెఱ్ఱివానిగా చేయు ఈ పద్ధతి పొగడదగినది కాదు. ఇంకొక రాయితీ వచ్చునని కాచుకొని కూర్చున్నవారికి, వాహనము అమ్మబోవునాడు బాకీలన్నియు ఒక్కసారి ఎదురగును.

రాజీకి వీలులేని నేరములును కలవు. త్రాగి నడిపినవాడు కోర్టుకు పోవలసినదే. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసముల వఱకు ఖైదు గాని, రెండును గాని. అంతకంటె కఠినమైనది పిల్లల విషయము. పదునాఱేండ్ల కుమారుడు ట్యూషనుకు ఆలస్యమగుచున్నదని తండ్రి లైసెన్సు లేని ఆ బాలునికి మోటారు సైకిలు తాళము ఇచ్చును. పట్టుబడినచో 199-ఏ సెక్షను క్రింద ముద్దాయి తండ్రియే: మూడేండ్ల వఱకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. వాహనపు రిజిస్ట్రేషను పండ్రెండు మాసములు రద్దు. తనకు తెలియకుండ జరిగినదని ఋజువు చేసికొను భారము కూడ తండ్రిదే. బాలునికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు రాదు.