పట్టా చేతికి వచ్చేదాకా
(శతవార్షికోత్సవ విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నూరేళ్ల పండుగలో కట్టిన గుడుల గురించి, పెట్టిన బడుల గురించి చెప్పుకోవడం సహజం. మా ఉపసంఘానికి అప్పగించిన విషయం ఉన్నత విద్య. అందులోనూ ఒకే ప్రశ్న పట్టుకుని మాట్లాడతాం. మన పల్లెల పిల్లలకు కళాశాల చదువు నిజంగా ఎంత ఖర్చవుతున్నది? ఆ ఖర్చుకు తగిన ఫలం వారికి దక్కుతున్నదా?

రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో బందరులో బడి తెరిచారని మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ బడే తరువాత నోబుల్ కళాశాల అయింది. అయితే మొదట్లో అది పై కులాల పిల్లల కోసమే నడిచిందన్న మాట కూడా ఈ పండుగనాడు దాచుకోకూడదు. మనలో అనేకుల ముత్తాతలకు అక్షరం దొరికింది ఆ గుమ్మంలో కాదు, పేటల్లోని తాటాకు పాకల మిషను బడుల్లో. అక్కడినుంచి బోర్డింగుకు, బోర్డింగు నుంచి టీచరు ట్రైనింగుకో నర్సు ట్రైనింగుకో వెళ్లారు. ఆ దారి ఇరుకైనదే. కాని తిండి, చదువు, పని మూడూ ఆ ఒక్క దారిమీదనే ఉండేవి. దారి చివర ఏమున్నదో తల్లిదండ్రులకు ముందే తెలిసేది.

ఇప్పుడు దారి వెడల్పయింది. ఒకప్పుడు డిగ్రీ అంటే మద్రాసు విశ్వవిద్యాలయం. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో మొదలై విశాఖకు వెళ్లింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. 2008లో మన బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడి, జిల్లాలోని కళాశాలలు దాని కిందికి వచ్చాయి. రుద్రవరంలో దాని ప్రాంగణం ఉన్నది. గుడివాడలో 1950లో మొదలైన కళాశాల అక్కినేని నాగేశ్వరరావుగారి పేరుతో నిలిచింది. తాను ప్రాథమిక పాఠశాల దాటి చదువుకోలేకపోయినా, ఇతరుల పిల్లలు చదువుకోవాలని విరాళమిచ్చిన దాత ఆయన. అవనిగడ్డలోనూ డిగ్రీ కళాశాల ఉన్నది. దూరం తగ్గింది. సంతోషమే.

అయితే ప్రభువు చెప్పిన ఒక ఉపమానం మీకు గుర్తుండే ఉంటుంది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలి. పునాది వేసి పైకప్పు వేయలేకపోతే చూసినవారు నవ్వుతారు. మన పిల్లల చదువుల్లో పునాదితో ఆగిపోయిన గోపురాలు ఎన్ని? నవ్వేవారి సంగతి అటుంచి, మనమైనా వాటిని లెక్కపెట్టామా?

ఖర్చు అనగానే మనకు ఫీజు ఒక్కటే కనిపిస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజు తక్కువే. పైగా 2008 ప్రాంతం నుంచి ఫీజు రీయింబర్సుమెంటు పథకం ఉన్నది. అది రాకపోతే మన సంఘాల్లో సగం మంది పట్టభద్రులు ఉండేవారు కారని మేము ఒప్పుకుంటాం. కాని మిగిలిన లెక్క చూడండి. నాగాయలంక నుంచో కోడూరు నుంచో బందరు వచ్చే కుర్రవాడికి రోజూ బస్సు ఖర్చు ఉన్నది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టిక్కెట్టు లేదు. అది పెద్ద మేలు, కాని మగపిల్లలకు వర్తించదు. రోజూ తిరగలేనివారికి గది అద్దె, భోజనం ఖర్చు తప్పదు. అన్నిటికంటె పెద్దది ఎవరూ రాసుకోని ఖర్చు. ఊడ్పులకు, కోతలకు, రొయ్యల చెరువుల పనికి వెళ్లవలసిన రెండు చేతులు కళాశాలకు వెళ్తే, ఆ ఇంటికి ఆ రోజు కూలి లేదు. ఉచిత విద్య ఆ కూలిని తిరిగి ఇవ్వదు.

ఇక ఫీజు పథకం సంగతి. 2021లో ఆ సొమ్ము తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత తిరిగి కళాశాలలకే నేరుగా ఇవ్వాలని నిర్ణయించారు. ప్రైవేటు కళాశాలల్లో పి.జి. చదివేవారికి 2020లో పథకం ఆపివేశారు. ఏ ప్రభుత్వం మంచిదన్నది ఈ వేదికమీద మా విషయం కాదు. ఎవరి ద్వారా ఇచ్చినా సొమ్ము ఆలస్యమైనప్పుడు, ఆ ఆలస్యం వచ్చి కూర్చునేది తల్లి నెత్తిమీదనే.

మేము ఎరిగిన ఒక ఇంటి సంగతి చెబుతాం. దివిసీమలో కూలి చేసుకునే ఒక సహోదరి కూతురు బి.యస్సీ. పూర్తి చేసింది. మార్కులు మంచివే. పి.జి. ప్రవేశానికి సర్టిఫికెట్లు కావాలి. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదు, ముందు మీరు కట్టి తీసుకువెళ్లండి అన్నారు కళాశాలవారు. తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. సొమ్ము చేతికి వచ్చేసరికి కౌన్సెలింగు తేదీ దాటిపోయింది. ఆ అమ్మాయికి ఒక సంవత్సరం పోయింది. ఆ సంవత్సరంలో ఆమె బందరులో ఒక రోల్డుగోల్డు దుకాణంలో పనికి కుదిరింది. పని చేయడం తప్పు కాదు. కాని తాకట్టు పెట్టింది కమ్మలను మాత్రమే కాదని మాకు అనిపించింది. ఆమె ఇంటికి నాలుగిళ్ల అవతల ఉన్న మనకు ఆ సంగతి ఏడాది తరువాత గాని తెలియలేదు. అదీ మా సిగ్గు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు అట్టే పెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. ఆ మాట చెప్పడానికి ఆ తల్లి వెంట వెళ్లినవారు ఒక్కరు లేరు.

తరువాతి ప్రశ్న ఫలం గురించి. పట్టా వచ్చినవారు ఏమవుతున్నారు? కొందరు డి.యస్సీ. కోసం ఏళ్లతరబడి చదువుతున్నారు. కొందరు హైదరాబాదు వెళ్తున్నారు. కొందరు పట్టాను పెట్టెలో దాచి చెరువుల దగ్గర లెక్కలు రాస్తున్నారు. పని ఉన్నచోట చదువు ఫలిస్తుందనడానికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉన్నది. 1926లో బందరులో పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. నేర్చిన చేతికి సొంత ఊళ్లోనే పని దొరుకుతుందని అది చూపించింది. ఇప్పుడు ఓడరేవు మీద ఆశలు పెట్టుకున్నాం. రేవు వస్తే పనులు వస్తాయి. అవి మన పిల్లలకే వస్తాయన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ పని నేర్చినవారికే అవి వస్తాయి.

2020-21లో మన రాష్ట్రపు డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ ప్రవేశపెట్టారు. ఆలోచన మంచిది. కాని దివిసీమలో ఒక పల్లె కుర్రవాడికి పని నేర్పే సంస్థ ఎక్కడున్నది? నేర్పేవారు లేనిచోట కాగితం మిగులుతుంది, పని రాదు.

కనుక మూడు మనవులు చేస్తున్నాం.

మొదటిది: మన ప్రతి పాస్టరేటులో బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధుల రిజిస్టరు ఉన్నాయి. వాటి పక్కన చదువుల రిజిస్టరు ఒకటి పెట్టండి. ఇంటర్ దాటిన ప్రతి బిడ్డ పేరు, చేరిన చోటు, ఆగిన చోటు, పట్టా వచ్చిన అయిదేళ్లకు చేస్తున్న పని అందులో రాయండి. ఆగినవారి పేర్లు కొట్టివేయకండి.

రెండవది: కోత పండుగ కానుకల్లో ఒక భాగంతో సర్టిఫికెట్ల నిధి ఏర్పరచండి. ఇది దానం కాదు, చేబదులు. ప్రభుత్వ సొమ్ము వచ్చాక తిరిగి కట్టవచ్చు. దానితోపాటు ఆఫీసుల్లో మాట్లాడగల ఒక పెద్దను ఆ తల్లి వెంట పంపండి.

మూడవది: మన ఆసుపత్రులు, బడులు, కార్యాలయాలు కళాశాల విద్యార్థులకు నిజమైన ఇంటర్న్‌షిప్ ఇవ్వాలి. ఖాళీగా ఉన్న పాత బోర్డింగు గదులు, బాగుచేయదగినవి బాగుచేసి, దూరపు పిల్లల బసకు ఇవ్వాలి. తిండి, చదువు, పని ఒక దారిమీద ఉండటం మన తాతలకు మేలు చేసింది. ఆ దారిని మళ్లీ కలపడం విశ్వవిద్యాలయం ఒక్కదానివల్ల కాదు.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ వేలమందిని పోగొట్టుకున్నది. ఆ రోజుల్లో ఎవరు మిగిలారు, ఎవరు లేరు అని ఒకరినొకరు పేరుపేరునా అడిగి తెలుసుకున్నాం. పేరు పెట్టి వెదకడం మనకు కొత్త కాదు. చదువు మధ్యలో జారిపోతున్నవారిని కూడా అలాగే వెదుకుదాం. ద్విశతాబ్ది పండుగనాడు ఆ నాలుగవ రిజిస్టరు తెరిచి చూసేవారికి, మొదలుపెట్టిన గోపురాలు పూర్తయినట్టు కనిపించాలి. అందుకు ప్రభువు మనకు సహాయము చేయును గాక.