పాడి ఉన్న ఇంట పసిబిడ్డకు కొరత రాకూడదు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



తనిఖీకి వచ్చినవాణ్ణి గనుక లెక్కల సంగతే చెబుతాను. అయితే ఇది మన రిజిస్టర్లలో లేని లెక్క. రెండు పూటలా ఎన్ని పాలు పోశారో, వెన్న శాతం ఎంతో మన పుస్తకాల్లో ఉంటుంది. ఇంట్లో బిడ్డకు ఎన్ని ఉంచారో ఎక్కడా ఉండదు.

ఆ మధ్య ఒక సభ్యుని మనుమణ్ణి విరేచనాలని ఆసుపత్రిలో చేర్చారు. చూడబోయాను. రెండు గేదెలున్న ఇల్లు. డాక్టరుగారు బిడ్డ జబ్బకు టేపు చుట్టి, "విరేచనాలు ఈ వారానివి, చిక్కిపోవడం నెలల నాటిది" అన్నారు. పాలన్నీ కేంద్రానికి వచ్చేవి. బిడ్డకు దక్కింది నీళ్లు కలిపిన పాలసీసా.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 16 మంది ఎత్తుకు తగ్గ బరువు లేరు. కృష్ణ నీరు పారే మన డెల్టా కూడా ఈ రాష్ట్రంలోదే.

బాగా చిక్కిన బిడ్డకు ఆసుపత్రిలో ఇచ్చే ఆహారం కూడా పాలతో చేసిందే. పంచదార, నూనె, ఖనిజ లవణాలు కలిపి, 100 మిల్లీలీటర్లకు 75 క్యాలరీలు ఉండేటట్లు చేసి, రెండు మూడు గంటలకొకసారి కొలిచి పడతారు. ఆకలి పుట్టాకనే 100 క్యాలరీల పాలు. ఒక్కసారిగా ఎక్కువ పెడితే ప్రాణాపాయం. కనుక అటువంటి బిడ్డకు ఇంటి వైద్యం చేయరాదు.

ఆ స్థితి రాకుండా చూడటం మన చేతిలో ఉంది. ఆరు నెలల వరకు తల్లిపాలే. తరువాత తల్లిపాలతోపాటు మెత్తని పప్పన్నం, నెయ్యి, గుడ్డు. ఏడాది దాటాక కాచిన పాలు గ్లాసుతో పట్టండి. సీసా వద్దు, నీళ్లు వద్దు. విరేచనాలైనా తిండి మాన్పించవద్దు. ఆరు నెలలు దాటిన, అయిదేళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినా, రెండు పాదాలూ నొక్కితే గుంటపడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వాపు చూసి బొద్దుగా ఉన్నాడనుకోవద్దు.

ఆ పిల్లవాడు కోలుకొని ఇల్లు చేరాడు. వాళ్లిప్పుడు అరలీటరు ఇంట్లో ఉంచుకొనే కేంద్రానికి వస్తున్నారు. మీరూ అలా చేయండి. ఆ మేరకు సంఘం సేకరణ తగ్గితే నేను ఆక్షేపణ రాయనని హామీ ఇస్తూ సెలవు తీసుకుంటున్నాను.