ఒకే రోగి, రెండు చీటీలు

కనీసం రెండు వారాలపాటు దాదాపు రోజంతా మనసు కుంగి, దేనిమీదా ఆసక్తి లేక, నిద్రా ఆకలీ ఓపికా తప్పిపోయే స్థితిని వైద్యశాస్త్రం కుంగుబాటు అంటుంది. ఆ కుంగుబాటూ, హద్దుమీరిన ఉత్సాహమూ విడతలుగా వచ్చే బైపోలార్ వ్యాధినీ దీనితో కలిపి మనోభావ రుగ్మతలుగా లెక్కిస్తుంది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో కొండల అంచునున్న సాలూరు వంటి ఊళ్ళో రోగి సాధారణంగా మనసు సంగతి ఎత్తడు; గుండె దడ, తలబరువు, ఒళ్ళు నీరసం అంటాడు. వాటిని వట్టి అనుమానాలుగా కొట్టిపారేయడం తగదు; మనసు మీది బరువు ఒంటినీ తాకుతుంది.

ఒత్తిడి ఎదురైనప్పుడు మెదడులోని హైపోథలామస్ పీయూష గ్రంథిని, అది మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించగా, కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో చేరి చక్కెరను పెంచుతుంది. ఆపద గడిచాక ఇది సద్దుమణగాలి. రాత్రంతా సాలూరు దగ్గరి సుంకి ఘాటు మలుపుల్లో లారీ నడిపి పగలు నిద్రపట్టని డ్రైవరుకు, ఫైనాన్సు వాయిదా తరుముతున్న లారీ యజమానికి ఆ వ్యవధి దొరకదు. క్రమంగా ఇన్సులిన్ పని మందగిస్తుంది, రక్తపోటు పెరుగుతుంది. ఈ అరుగుదలకు మెక్‌ఈవెన్, స్టెల్లార్ అనే శాస్త్రవేత్తలు 1993లో అలోస్టాటిక్ భారమని పేరుపెట్టారు.

అదే ఏడాది కెనడాలో నాన్సీ ఫ్రేజర్ స్మిత్ బృందం గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలలు గమనించి, కుంగుబాటు ఉన్నవారికి మరణ ప్రమాదం సుమారు నాలుగు రెట్లని చూపింది. మనసుకు వైద్యం చేస్తే గుండె కుదుటపడుతుందన్న ఆశ అప్పుడు బలపడింది గాని, 2003లో వెలువడిన, 2,481 మందిపై జరిగిన ఎన్‌రిచ్డ్ పరీక్షలో కుంగుబాటు కొంత తగ్గినా మరణాలు తగ్గలేదు. నిరాశ కలిగించిన ఈ ఫలితమే నిజానికి ఎక్కువ నేర్పింది: రెండింటినీ విడివిడిగా చూస్తే చాలదు.

ఆ దారిలో నడిచిన ఇండిపెండెంట్ అనే పరిశోధనకు విశాఖపట్నం ఒక కేంద్రం. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు తక్కినవి. షుగరుతోపాటు కుంగుబాటూ ఉన్న 404 మందిలో సగానికి దగ్గరగా ఉన్న ఒక వర్గానికి, వైద్యులు కాని సంరక్షకులు తోడుండి మందులూ మనసూ రెండూ కనిపెట్టి చూడగా, వారి వివరాలను మానసిక వైద్యుడూ షుగరు నిపుణుడూ కలిసి సమీక్షించారు. 24 నెలలకు కుంగుబాటు సగానికైనా తగ్గి, షుగరు, రక్తపోటు, చెడు కొలెస్టరాల్‌లలో ఒకటైనా మెరుగుపడినవారు ఈ వర్గంలో 71.6 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 57.4 శాతం. ఈ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. అక్కడ తేడా తెచ్చింది కొత్త మందు కాదు, రెండు చీటీలను ఒకచోట చేర్చి చదివిన మనిషి.

అటువంటి మనిషి సాలూరు కొండ గ్రామాల్లో ఇప్పటికే తిరుగుతున్నది; బీపీ చూసే ఏఎన్‌ఎం, వెంట వెళ్ళే ఆశా కార్యకర్త. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ పరిశోధన ఆశాల చేతికి ట్యాబ్ ఇచ్చి, కుంగుబాటును గుర్తించే ప్రశ్నలు అడిగించి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించింది. సాలూరులో అదే చేయాలంటే ముందు ఆ ప్రశ్నలను కువి భాష మాట్లాడే ఇళ్ళలో కువిలోనే, అదీ ఒళ్ళునొప్పుల నుంచి మొదలుపెట్టి, అడిగేలా తయారుచేయవలసి ఉంటుంది.