రాయి చెప్పింది, మనం చెప్పింది



తొలి తెలుగు శాసనం ఏదని ఎవరిని కదిపినా 'కలమళ్ళ, క్రీ.శ. 575' అని ఠక్కున చెబుతారు. నలభై ఏళ్ల కిందట ఒక పత్రికకు పంపిన వ్యాసంలో నేనూ అలాగే రాశాను. అడుగున పాదసూచిక కూడా తగిలించాను: ఎపిగ్రాఫియా ఇండికా, 27వ సంపుటం, ఫలానా పుట. అచ్చయ్యాక తీసుకెళ్లి చూపిస్తే, ఈ రోజు మనం తలుచుకుంటున్న గురువుగారు ఒక్క మాట అడిగారు. "ఆ సంపుటం మన లైబ్రరీలో లేదు గదయ్యా, ఎక్కడ చదివావు?"

చదవలేదు. ఇంకొకరి పేజీ అడుగున ఉన్నదాన్ని ఎత్తి నా పేజీ అడుగున దించాను.

"వెళ్లి చూసి రా" అన్నారు. వేరే ఊరు వెళ్లి ఆ సంపుటం చూశాను. రాతి మీద 575 లేదు. అసలు శకవర్షమే లేదు. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతున్నాడని ఉంది. మధ్యమధ్య అక్షరాలు అరిగిపోయాయి. లిపి తీరు చూసి, అదే వంశపు రాజు పుణ్యకుమారుడి మాలెపాడు రాగిరేకుల్లోని వంశక్రమంతో సరిపోల్చి పండితులు కట్టిన కాలం అది. గట్టి అంచనాయే, కానీ అంచనా. 'లిపిని బట్టి ఆరో శతాబ్ది చివరిదని భావిస్తున్నారు' అంటే సరే. '575లో వేయించాడు' అన్నామంటే రాయి అనని మాట రాయి నోట పెట్టినట్టే. ఎర్రగుడిపాడు శాసనం ముందా, కలమళ్ళ శాసనం ముందా అని గొంతు చించుకునేవాళ్లు ఈ తేడా గమనిస్తే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

శాసనం మన దాకా మెట్లు మెట్లుగా వస్తుంది. ముందు రాయి. దాని మీద తడి కాగితం అద్ది తీసిన అచ్చు. అచ్చు చదివి ముద్రించిన పాఠం, దాని మీద చర్చ. ఆ చర్చను రెండు వాక్యాలకు కుదించిన చరిత్ర పుస్తకం. మనకు సాధారణంగా అందేది ఈ చివరి మెట్టే. అందులో తప్పేం లేదు, ఆ మెట్టు పేరే చెబితే చాలు. 'ఫలానా గ్రంథంలో ఉదాహృతం' అని రాయడానికి మనవాళ్లకు ఎందుకో నామోషీ.

ఇంకో అలవాటూ ఉంది. అరపేజీ ఉల్లేఖన దించి, దాని గురించి ఒక్క ముక్కా అనకుండా తర్వాతి పేరాకు వెళ్లిపోతారు. సాక్షిని బోనెక్కించి, ఏమీ అడగకుండా దింపేస్తే ఏ ప్లీడరు నెగ్గుతాడు?

అన్నట్టు, నేను ఎత్తుకొచ్చిన పుట సంఖ్య కూడా తప్పే. నా వ్యాసం అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది. చాలా ఏళ్లకు, పరీక్షకుడిగా నా చేతికొచ్చిన రెండు సిద్ధాంత గ్రంథాల్లో అదే సంపుటం, అదే తప్పు పుట కనిపించాయి. రెండింటి ఆకరాల పట్టికల్లోనూ నా వ్యాసం పేరు లేదు.