గర్భసంచి తీయించుకునే ముందు



నడుం నొప్పి అని ఒకామె ఆస్పత్రికి పోతుంది. తెల్లబట్ట అవుతోందని ఇంకొకామె పోతుంది. స్కానింగ్ తీస్తారు. "సంచి చెడిపోయింది. తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అంటారు. ఆ మాట వింటే ఎవరికైనా గుండె జారిపోతుంది. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుంటారు. నిజంగా అవసరమా అని అడిగేవాళ్లు తక్కువ.

2015-16లో దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో వందకు దాదాపు 9 మంది. తెలంగాణలో దాదాపు 8 మంది. ఎక్కువ ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. అందుకే ఈ సంగతి తెలుసుకోవాలి.

స్త్రీల డాక్టరు ఎవరు?

కాన్పులు చేసే డాక్టరు, గర్భసంచి జబ్బులు చూసే డాక్టరు ఒకరే. గైనకాలజిస్టు అంటారు. ముందు అయిదున్నర ఏళ్లు ఎం.బి.బి.ఎస్. చదవాలి. ఆ పైన ఈ చదువే మూడేళ్లు చదివి ఎం.డి. లేక ఎం.ఎస్. కావాలి. బోర్డు మీద పేరు పక్కన ఈ అక్షరాలు ఉంటాయి. ఇప్పుడు మీకు చదువు వచ్చు. చదివి చూడండి. ఊళ్లో సూది వేసే ఆర్.ఎం.పి. ఈ చదువు చదివినవాడు కాదు.

పూర్వం మగ డాక్టరు ముందుకు రాలేక ఎందరో తల్లులు కాన్పులో చనిపోయేవాళ్లు. మద్రాసు వైద్య కళాశాల 1875లో నలుగురు ఆడవాళ్లను చేర్చుకుంది. 1883లో అమెరికా నుంచి ఆనా కుగ్లర్ అనే లేడీ డాక్టరు గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచింది. ప్రాణం కాపాడటానికి పుట్టిన చదువు ఇది. అందుకని ఈ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడొద్దు. అడగడానికి భయపడొద్దు.

ఏ బాధకు ఏం చేస్తారు?

తెల్లబట్ట: కొంచెం అవడం మామూలే. వాసన, దురద, పసుపు రంగు ఉంటే లోపల ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. చాలావరకు మాత్రలతో తగ్గుతుంది. అవసరమైతే భర్తకు కూడా మందు ఇస్తారు. తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు.

ఎర్రబట్ట ఎక్కువ కావడం: ముందు రక్తం పరీక్ష, స్కానింగ్ చేస్తారు. మాత్రలు ఇస్తారు. కొందరికి మందు ఉన్న లూప్ వేస్తారు. అవసరమైతే సంచి లోపలి పొరను కొంచెం గీకి పరీక్షకు పంపుతారు.

గడ్డలు: చాలామంది ఆడవాళ్లకు ఉంటాయి. దాదాపు అన్నీ క్యాన్సర్ కాని గడ్డలే. బాధ లేకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు. ముట్లు ఆగిపోయాక అవే చిన్నవవుతాయి.

సంచి జారడం: కొద్దిగా జారితే వ్యాయామం చేయిస్తారు. లోపల రింగు పెడతారు. బాగా జారితే ఆపరేషన్ చేస్తారు.

క్యాన్సర్: ముట్లు ఆగిపోయాక మళ్లీ ఎర్రబట్ట కనిపించినా, భర్తతో కలిశాక రక్తం కనిపించినా ఆలస్యం చేయొద్దు. వెంటనే వెళ్లాలి. 30 ఏళ్లు దాటినవాళ్లు ఏ బాధా లేకపోయినా గర్భసంచి మూతి పరీక్ష చేయించుకోవాలి. కోత ఉండదు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

తీసేస్తే ఏమవుతుంది?

క్యాన్సర్ ఉంటే, మందులకు లొంగని రక్తస్రావం ఉంటే, కాన్పులో ప్రాణం మీదికి వస్తే తీయక తప్పదు. అప్పుడు ఆ ఆపరేషనే ప్రాణం నిలుపుతుంది. దాన్ని తప్పు పట్టకూడదు.

కానీ "పిల్లలు పుట్టారు, ఇక సంచి ఎందుకు?" అనుకోవడం పొరపాటు. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే 30 ఏళ్లకే ముట్లు ఆగిన ముసలితనం వస్తుంది. ఒంట్లో ఆవిర్లు, చెమటలు పడతాయి. ఎముకలు బలం తగ్గుతాయి. గుండె జబ్బు వచ్చే భయం పెరుగుతుంది. కూలికి పోయే మనిషికి ఒళ్లే ఆస్తి కదా!

అవసరం లేకుండా గర్భసంచులు తీస్తున్నారని బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల గురించి సుప్రీంకోర్టులో కేసు నడిచింది. 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కేంద్రం చేసిన నియమాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని కోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

సంతకం పెట్టే ముందు

ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం ఇస్తారు. వెనుకటి రోజుల్లో వేలిముద్ర వేయించుకునేవాళ్లు. ఇప్పుడు మీరు సంతకం పెట్టగలరు. అయితే చదవకుండా పెట్టే సంతకానికీ వేలిముద్రకూ తేడా లేదు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. ఈ మాటలు అడగండి:

1. నా జబ్బు పేరేమిటి?
2. మందులతో తగ్గదా?
3. ఇప్పుడే చేయాలా, కొన్నాళ్లు ఆగొచ్చా?
4. అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా?
5. ఖర్చు ఎంత? ఎన్నాళ్లు విశ్రాంతి?

స్కానింగ్ కాగితాలు అడిగి తీసుకోండి. ప్రాణం మీదికి రాకపోతే ఇంకొక డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ ఆస్పత్రిలో గైనకాలజిస్టు ఎక్కడ ఉంటారో ఏ.ఎన్.ఎం.నో, ఆశానో అడిగితే చెబుతారు.

ఒళ్లు మీది. అడిగే హక్కు మీది. అడగండి, చదవండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.