వేరుకు గాలి: ఆర్కిడ్ల పెంపకం నడిచిన దారి



మా మాస్టారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పారు, ఇంట్లో ఆర్కిడ్లు పెంచారు. ఆ రెండూ ఆయనకు ఒకటే పని. ఎవరు కొత్త మొక్క తెచ్చినా పువ్వు కంటే ముందు వేళ్లు చూసేవారు. ఆ తర్వాత, ఇది ఏ ఊళ్లో, ఏ చెట్టు మీద పుట్టిందని అడిగేవారు. ఈ ఉపన్యాసానికి నేను ఆ ప్రశ్ననే ఆధారం చేసుకుంటున్నాను. పెంపకందార్లు ఆ ప్రశ్న అడిగిన చోట మొక్కలు బతికాయి. అడగని చోట వేలకు వేలు కుళ్లిపోయాయి. ఆర్కిడ్ పెంపకం చరిత్రంతా నాకు ఇలాగే కనిపిస్తుంది.

చైనా, జపాన్ దేశాల్లో సింబిడియాలను కుండీల్లో పెంచిన పాత సంప్రదాయం మీ అందరికీ తెలిసిందే కనుక నేరుగా మన సామర్లకోటకు వస్తాను. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ ఉండి, చుట్టుపక్కల మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఆయన 'కోరమాండల్ తీరపు మొక్కలు' మొదటి సంపుటం 1795లో లండన్‌లో వెలువడింది. అందులో 42, 43, 44 సంఖ్యల పటాలను తెరిచి చూడండి. మొదటిది మన మామిడి చెట్ల మీద కనిపించే వాండా టెస్సలేటా, రెండోది అకాంపే ప్రెమోర్సా, మూడోది పొడుగాటి పూలగుత్తిని కిందికి వేలాడదీసే సింబిడియం అలోయిఫోలియం. మూడింటినీ ఆయన ఎపిడెండ్రం కిందే చేర్చాడు. ఆ రోజుల్లో చెట్టు మీద పెరిగే ఆర్కిడ్లు చాలావాటికి అదే పేరు. మన రైతులు ఇలాంటి వాటన్నిటినీ బదనిక అనేస్తారు. కానీ ఇవి చెట్టు రసం పీల్చి బతికేవి కావు. బెరడును పట్టుకుని వేలాడుతూ వానను, మంచును, గాలిని వేళ్లతోనే అందుకుంటాయి. ఆ బొమ్మల్లో వేళ్లను ఎంత శ్రద్ధగా గీశారో చూడండి! లావుగా, తెల్లగా, మట్టి అంటకుండా ఉంటాయి. గీసిన వారి పేర్లు ఆ పటాల మీద లేవు. అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. గోదావరి జిల్లాల నేల మీద నిలబడి, చెట్టు మీది ఆర్కిడ్‌ను ఉన్నదున్నట్టు చూసిన తొలి కళ్లలో అవీ ఉన్నాయి.

అదే కాలంలో ఇంగ్లండులో ఏం జరుగుతోంది? ఉష్ణదేశపు మొక్క అంటే ఉక్కగా ఉండాలన్నది ఒక్కటే సూత్రం. గాజుశాల తలుపులు బిగించి, పొగగొట్టాలతో కాచి, కుండీలో మట్టి కూరి, నీళ్లు గుమ్మరించేవారు. ఇంగ్లండు ఈ మొక్కలకు శ్మశానమైందని ఆ దేశపు వారే అనుకునేవారు. 1830లో జాన్ లిండ్లీ అంతటి పండితుడు కూడా అధిక వేడి, నీడ, ఎడతెగని తేమ కావాలనే సలహా ఇచ్చాడు.

ఇక్కడ ఒక తగవు తీర్చుకోకుండా ముందుకు పోలేను. 1818లో బ్రెజిల్ నుంచి విలియం స్వైన్సన్ పంపిన మొక్కల్లో ఒకటి, బార్నెట్‌లో మొక్కలు పెంచే విలియం క్యాట్లీ పేరిట, 1821లో క్యాట్లియా లాబియేటా అయింది. ఆర్కిడ్ పిచ్చి దాంతోనే మొదలైందని అందరం చెబుతాం. కానీ కొందరు చరిత్రకారులు దానికి ఒక కథ తగిలించారు. స్వైన్సన్ వేరే మొక్కలు కట్టి పంపుతూ, నలగకుండా చుట్టూ ఈ ఆకుల్ని కుక్కాడట. క్యాట్లీ ఆ చెత్తను కుండీలో పెడితే పూసిందట. చాలా పుస్తకాల్లో ఈ కథే. ఇది నిలవదని నేను ఎన్నో ఏళ్లుగా వాదిస్తున్నాను. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం జాక్సన్ హుకర్ స్వయంగా రాశాడు, తనకు ఈ మొక్కను స్వైన్సన్ పంపాడనీ, 1818లో తన సఫోక్ తోటలోని వేడిశాలలో అది పూసిందనీ. స్వైన్సన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు. నీరు నిండిన లావుపాటి దుంపకాడల్ని ఎండు నమూనాల మధ్య కుక్కితే ఏమవుతుందో ఆయనకు తెలియదా? సామాను కట్టడానికి అడవిలో ఎండు నాచు కరువా? నాతో విభేదించే మిత్రులు, కథ వల్ల నష్టమేమిటని అడుగుతారు. నష్టం ఉంది. మొక్క అదృష్టం కొద్దీ వచ్చిందనుకుంటే దాని ఊరు ఎవరికీ పట్టదు. జరిగింది కూడా అదే. స్వైన్సన్ తిరిగిన పెర్నాంబుకోను వదిలేసి, దూరాన ఉన్న రియో కొండల్లో దానికోసం వెతికారు. మళ్లీ అది ధారాళంగా తోటలకు చేరడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. పుట్టిన చోటును పట్టించుకోనందుకు చెల్లించిన మూల్యం అది.

మళ్లీ దారిలోకి వస్తాను. 1833లో ఒక ప్రదర్శనలో సీతాకోకచిలుకలాంటి ఆర్కిడ్ పువ్వును చూసి డెవన్‌షైర్ ఆరో డ్యూక్ మనసు పారేసుకున్నాడు. ఆయన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్. 1835లో వాళ్లు జాన్ గిబ్సన్ అనే యువ తోటమాలిని మన దేశానికి పంపారు. గిబ్సన్ కలకత్తా తోటలో దిగి, చిరపుంజి దాకా ఎక్కి, 1837లో పెట్టెలకొద్దీ ఖాసీ కొండల ఆర్కిడ్లతో డ్యూక్ నివాసమైన చాట్స్‌వర్త్ చేరాడు. మొక్కలు ఓడలో బతికింది, వార్డ్ అనే ఆయన రూపొందించిన గాజుపెట్టెల పుణ్యాన. అవి తోటలో బతికింది పాక్స్‌టన్ వల్ల. ఆయన ఒకే కొలిమి బదులు వేర్వేరు వేడి ఉన్న శాలలు కట్టించాడు, కిటికీలు తెరిపించాడు, నేల తడిపి గాలికి చల్లదనం ఇచ్చాడు.

ఆ ఖాసీ కొండల మీదికే 1850లో జోసెఫ్ డాల్టన్ హుకర్ వెళ్లాడు. 1854లో వచ్చిన 'హిమాలయన్ జర్నల్స్'లో నీలి వాండా గురించి ఆయన రాసిన పుటను మించిన పాఠం పెంపకందార్లకు ఇంకొకటి లేదని నా నమ్మకం. మూడు నాలుగు వేల అడుగుల ఎత్తున ఎండిన గడ్డి కొండలు, పలచటి ఆకుల చిన్న ఓక్ చెట్లు, నాచు కూడా లేని గరుకు బెరడు. ఎండకూ వానకూ గాలికీ అడ్డే లేదు. పూసే కాలంలో 60 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్, చలికాలంలో నేల మీద గడ్డమంచు. ఇంగ్లండులో ఈ మొక్కకు చేస్తున్న సేవ దీని స్వభావానికి పూర్తిగా విరుద్ధమని ఆయన తేల్చి చెప్పాడు. అదే మనిషి, ఏడుగురు మోసేంత నీలి వాండాను పీకించాడు. కొద్ది మొక్కలు మాత్రమే బతికి ఇంగ్లండులోని క్యూ తోటకు చేరాయి. ఇంకొకరు పంపిన ఒక్క మనిషి మోపు 300 పౌన్లకు అమ్ముడుపోయింది. అంత చక్కగా చూసిన కన్నూ, అంత నిర్దాక్షిణ్యంగా పీకించిన చెయ్యీ ఒక్కరివే. చరిత్ర రాసేటప్పుడు రెండూ రాయాలి. ఆ మోపులు మోసిన ఖాసీ కూలీలు కొండ దారుల్లో దిగిన దిగుడు కూడా రాయాలి.

తర్వాత వచ్చిన ఆర్కిడ్ వేలంపాటల అధ్యాయం నాకు రుచించదు. ధరలు, ప్రభువులు, సాండర్ ఆర్కిడ్ కంపెనీ వేటగాళ్లు, ఒక్క జాతి కోసం కొలంబియాలో నేలకూలిన వేల చెట్లు. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

సభాధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. మిగిలినది గబగబా చెబుతాను. 1856లో వీచ్ నర్సరీలో జాన్ డామినీ చేసిన కలాంతే సంకరం పూసింది. మనిషి చేతిలో పూసిన తొలి ఆర్కిడ్ సంకరం అదే. 1899లో నోయెల్ బెర్నార్ విత్తనం మొలకెత్తడంలో శిలీంధ్రం పాత్రను కనిపెట్టాడు. 1922లో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండానే, పంచదార కలిపిన అగర్ మీద సీసాల్లో మొలిపించాడు. 1960లో జార్జ్ మొరెల్ చిగురు కణజాలంతో సింబిడియాన్ని పెంచి దారి చూపాడు. ప్రభువుల పువ్వు మధ్యతరగతి వరండాలోకి వచ్చింది ఈ చివరి ముగ్గురి వల్లనే. నేడు కడియం నర్సరీలో కొన్న డెండ్రోబియం వెనుక కూడా ఆ సీసాలున్నాయి. బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొప్ప వేసి మనం కుండీ నింపుతున్నామంటే, పాక్స్‌టన్, జోసెఫ్ హుకర్ చెప్పిన మాట విన్నట్టే.

పోటీల గురించి ఒక్క మాట. అమెరికన్ ఆర్కిడ్ సొసైటీ పద్ధతిలో నూటికి 75 వస్తే ఒక గౌరవం, 80 వస్తే ఇంకొకటి, 90 వస్తే అత్యున్నతం. ఆ పద్ధతి వల్ల పెంపకంలో క్రమశిక్షణ వచ్చింది. కానీ గుండ్రని, బల్లపరుపు పువ్వుకే మార్కులు ఎక్కువ పడతాయి. మన వాండా టెస్సలేటా సన్నని, వంకర తిరిగిన రేకులతో, గళ్ల గోధుమ రంగుతో, ఊదా పెదవితో ఆ లెక్కలో వెనకబడుతుంది. దాని పరిమళానికి మార్కులెవరు వేస్తారు?

అందుకే మన ఆర్కిడ్ సంఘానికి ఒక విన్నపం. వచ్చే ప్రదర్శనలో సహజ జాతుల బల్ల విడిగా పెట్టండి. ప్రతి మొక్క పక్కన జాతి పేరుతో పాటు ఆ జాతి పెరిగే ప్రాంతం, ఎత్తు, చెట్టు పేరు రాసిన చీటీ ఉండాలి. ఏ నర్సరీలో పెంచిన మొక్కో కూడా రాయాలి. నీలి వాండా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన మొక్క కనుక దానికి సరైన పత్రాలు లేకుండా బల్ల మీదికి రానివ్వకండి. ఆ చీటీల నమూనా నేను రాసి తెచ్చాను. కార్యదర్శి గారి దగ్గర ఉంచుతున్నాను. ఇక ప్రశ్నలు అడగండి.