బాలసభకు ఒక పీరియడ్ ఇద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏమివ్వాలని మనం మాట్లాడుకుంటున్నాం. గదులు, బెంచీలు, కంప్యూటర్లు అన్నారు. అన్నీ కావలసినవే. నేను ఇంకొకటి అడుగుతున్నాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, ప్రతి శనివారం ఒక పీరియడ్ బాలసభకు ఇద్దాం.

ఆ తరగతులకే ఎందుకు? కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతాం. అందులో దాదాపు మూడింట రెండొంతులు మొదటి 7 రోజుల్లోనే వస్తుంది. ఆ వారం నీళ్లు పట్టకపోతే లోటు పూర్తిగా తీరదు. పిల్లలు కాంక్రీటు కాదు, తర్వాతా మారతారు. అయినా నలుగురిలో మాట్లాడే ధైర్యానికి 11 నుంచి 14 ఏళ్ల వయసే అదను. మన జహీరాబాద్‌లో ఇంట్లో ఉర్దూ, కన్నడం, మరాఠీ, లంబాడీ మాట్లాడే పిల్లలున్నారు. తప్పు పోతే నవ్వుతారని తరగతిలో నోరు విప్పరు.

మన పక్కనే మాచ్‌నూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఊరి మాటలోనే దాన్ని నడిపారు. మాటకు పుస్తక భాష అక్కర్లేదని చూపించారు.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. మనమంతా శిఖరాన్నే చూశాం. ఆమె శిక్షణ భువనగిరి గుట్ట మీద మొదలైంది.

మనమూ చిన్నగానే మొదలుపెడదాం. మూడు నియమాలు చాలు. ఒకటి, సభాధ్యక్షత రోల్ నంబరు వరసలో అందరికీ రావాలి, ర్యాంకు పిల్లలకే కాదు. రెండు, నల్లా, మరుగుదొడ్డి, మధ్యాహ్న భోజనం గురించి పిల్లలు చెప్పింది రిజిస్టరులో రాయాలి, మరుసటి శనివారానికి బడి జవాబివ్వాలి. జవాబు రాకపోతే, మాట్లాడి లాభం లేదనే వాళ్లు నేర్చుకుంటారు. మూడు, మన సంఘం ఏటా కొంత సొమ్ము ఇవ్వాలి, దేనికి ఖర్చు పెట్టాలో పిల్లలే తేల్చి లెక్క రాయాలి.

ఇది వేదికల మీద మాట్లాడటానికి మాత్రమే కాదు. రేపు చదువు మాన్పించి పెళ్లి చేస్తామంటే, "నేను చదువుకుంటా" అని ఆడపిల్ల ఇంట్లో చెప్పగలగాలి. ఆమె పక్కన నిలబడే సారో, మేడమో ఉండాలి. ఆ మాట ఒక్కరోజులో రాదు. నల్లా రావట్లేదని బాలసభలో చెప్పి, అది బాగవడం కళ్లారా చూసిన పిల్లకు వస్తుంది.

జహీరాబాద్‌లో ఉన్నవాళ్లం వంతులవారీగా ఒక్కో శనివారం బడికి వద్దాం. వెనక బెంచీలో కూర్చుని విందాం. నా పేరు మొదట రాసుకోండి. సెలవు.